‘ఇంటికి పోతా’: వృద్ధాశ్రమంలో డిమెన్షియా – పాలమూరు, నల్లగొండ నేపథ్యంలో ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

వృద్ధాశ్రమాన్ని గురించిన తెలుగు రచనల్లో, చర్చల్లో తరచుగా వినిపించేది ఒకే ప్రశ్న: తల్లిదండ్రులను అక్కడ వదిలిపెట్టింది ఎవరు? ఆశ్రమం సంతానం కృతఘ్నతకు సాక్ష్యంగా నిలుస్తుంది. ఆ తీర్పు వెలువడగానే కథ ముగుస్తుంది. మరునాడు పొద్దున ఆ మనిషి లేచి ఏం చేస్తుందన్నది చెప్పకుండానే మిగిలిపోతుంది. శ్రీరమణ ‘మిథునం’లో వృద్ధ దంపతుల వంట, పెరడు, చిన్న చిన్న అలకలు కథకు ప్రాణం పోశాయి. అంతటి శ్రద్ధ ఆశ్రమవాసి దినచర్యకు దక్కడం అరుదు.

డిమెన్షియాతో జీవించే వ్యక్తి విషయంలో ఈ లోపం మరింత తీవ్రమైనది. తనను ఎవరు చేర్చారో ఆమెకు గుర్తుండకపోవచ్చు. ఆ పూట ఎలా గడిచిందన్నదే ఆమెకు జీవితం. 2023లో ప్రచురితమైన లాసీ-డాడ్ అధ్యయనం దేశంలో 60 ఏళ్లు, అంతకు పైబడినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉన్నట్లు అంచనా వేసింది. పట్టణాలకన్నా పల్లెల్లో, పురుషులకన్నా స్త్రీలలో ఇది ఎక్కువని కూడా తేల్చింది. దక్షిణ తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన అటువంటి మనిషిని ఆశ్రమంలో అర్థం చేసుకోవడానికి ఆమె పని, కాలం, ఊరు, మాట ముఖ్యమైన ఆధారాలని ఈ వ్యాసం వాదిస్తుంది.

కొలత – కాలం

1975లో ఫోల్‌స్టీన్ తదితరులు రూపొందించిన మానసిక స్థితి పరీక్షకు మొత్తం 30 మార్కులు. అందులో సంవత్సరం, నెల, తేదీ అడుగుతారు. ఒక వాక్యం రాయమంటారు. బడి మెట్టు ఎక్కని మనిషి ఇందులో తప్పితే ఆ తప్పు జబ్బుదా, పరీక్షదా? ఈ ఇబ్బందిని గుర్తించే, హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతపు నిరక్షరాస్య వృద్ధుల కోసం 1995లో హిందీ పరీక్షను తయారుచేశారు. అందులో ఇప్పుడు పొద్దునా, మధ్యాహ్నమా, సాయంత్రమా అన్న ప్రశ్న చేరింది.

పాలమూరు రైతుకూలీకి కాలం కార్తెల్లో నడుస్తుంది. రోహిణిలో దుక్కి, మృగశిరలో తొలకరి, దీపావళి దాటితే కురుమూర్తి జాతర. తేదీ చెప్పలేని మనిషి విత్తనాల అదును చెప్పగలగవచ్చు. అదీ చెప్పలేని రోజు రావచ్చు. జబ్బు నిజమే, దాని నష్టమూ నిజమే. అయితే ఏది పోయిందో తెలియాలంటే మొదట ఏది ఉండేదో తెలియాలి.

వైద్యం, వినోదం – మధ్యలో పని

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒకటితో మొదలుపెట్టి, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాలను ప్రభుత్వాలు దశలవారీగా ఏర్పాటు చేయవచ్చని చెబుతుంది. సేవల ప్రస్తావనలో వైద్యం, వినోదం కనిపిస్తాయి. పని ఊసు లేదు.

టామ్ కిట్‌వుడ్ 1997 నాటి ‘డిమెన్షియా రీకన్సిడర్డ్’ గ్రంథంలో ప్రేమను కేంద్రంగా ఉంచి, ఊరట, అనుబంధం, నలుగురిలో ఒకరిగా ఉండటం, వ్యాపకం, తానెవరన్న ఎరుక అనే అవసరాలను పేర్కొన్నాడు. వీటిలో వ్యాపకాన్ని మన ఆశ్రమాలు టీవీ, భజనలకు కుదిస్తే అది తప్పుడు అనువాదమే అవుతుంది. చేటతో బియ్యం చెరగడం, పల్లికాయ వొలవడం, చింతపండు గింజ తీయడం చేతులకు తెలిసిన విద్యలు. పేరు మరచిన తర్వాత కూడా చేతికి చాట అందితే వేళ్ళు కదలవచ్చు. పోచంపల్లి, గద్వాల, నారాయణపేటల నేతకారుడికి నూలు ముట్టుకోవడమే ఒక పలకరింపు.

ఇక్కడ కిట్‌వుడ్‌కు ఒక సవరణ అవసరం. పాలమూరులో పని జ్ఞాపకం అందరికీ తీపి కాదు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి దేశమంతా తిరిగి ప్రాజెక్టులు కట్టిన ‘పాలమూరు లేబర్’ చరిత్ర వెట్టితనపు నీడ ఉన్న చరిత్ర. కనుక పని ఇవ్వడమంటే ఆశ్రమం వంటగదికి జీతంలేని కూలీని సంపాదించడం కాకూడదు. చాట తోసేసే స్వేచ్ఛ కూడా ఆమెకు ఉండాలి. అలాగే ‘ముసలితనం రెండో బాల్యం’ అనే మాట ఎంత ముద్దుగా వినిపించినా, ఒక జీవితకాలపు శ్రమను చెరిపేసి పెద్దమనిషిని పసిబిడ్డగా మారుస్తుంది.

ఏ ఇంటికి?

పొద్దుగూకే వేళ డిమెన్షియా ఉన్నవారిలో అలజడి పెరగడం వైద్యులకు తెలిసిన లక్షణం. ‘నేను ఇంటికి పోతా’ అని మూట కట్టుకొని తలుపు దగ్గర నిలబడిన అవ్వకు, ‘ఇదే మీ ఇల్లు’ అని చెప్పడం దిద్దుబాటు. అది జవాబు కాదు. ఆ వేళ కూలి నుంచి మళ్ళే వేళ, బర్రెలు కొట్టానికి చేరే వేళ, పొయ్యి ముట్టించే వేళ. ఆమె శరీరం ఆ గడియారాన్ని ఇంకా పాటిస్తున్నది. ‘పొయ్యి మీద ఏం వండుదామనుకున్నవ్ అవ్వా?’ అని అడిగితే సంభాషణకు దారి దొరకవచ్చు.

కొందరి విషయంలో ఈ ప్రశ్న ఇంకా బరువైనది. శ్రీశైలం జలాశయం కింద కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల పల్లెలు 1980ల తొలినాళ్ళలో మునిగిపోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయిరాయిగా విప్పి అలంపూర్‌లో తిరిగి నిలబెట్టారు. మునిగిన ఇళ్ళకు ఆ భాగ్యం లేదు. అక్కడి నుంచి లేచి వచ్చిన మనిషి ముసలితనంలో ఇంటికి పోతానంటే, దానిని కేవలం మతిభ్రమగా నమోదు చేసే కేస్‌షీట్ ఒక ప్రాంత చరిత్రను చదవలేకపోయినట్లే.

ముగింపు

ఈ చదువు తెలుగు శాఖల పని కూడా. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులపై చేసి 2013లో ప్రచురించిన అధ్యయనం, ఒకే భాష తెలిసినవారికన్నా ద్విభాషీయులలో డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడినట్లు చూపింది. భాషకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధంపై మన నేల నుంచే వెలువడిన ఆధారమిది. భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాలతో 1962లో ఆరంభించిన మాండలిక వృత్తి పదకోశాల సంప్రదాయం మన చేతిలో ఉంది. మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం, నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆశ్రమవాసుల, వారి బంధువుల సమ్మతితో పని, ఊరు, జాతర, పిలుపు వివరాలను వారి మాటల్లోనే ఒక్కొక్కరికి ఒక్కో పుటగా నమోదు చేయవచ్చు. ఆ పుట మంచం పక్కన ఉంటే, కొత్తగా చేరిన ఆయాకు కూడా ఏం మాట్లాడాలో తెలుస్తుంది. అది జబ్బును నయం చేయదు. ఆ మనిషిని జబ్బుతోనే గుర్తుపట్టే అలవాటును మాన్పగలదు.