ఉమ్రావ్ జాన్ చెప్పిన లక్నో

‘ఉమ్రావ్ జాన్ అదా’ 1899లో వెలువడిన ఉర్దూ నవల. రచయిత మీర్జా మొహమ్మద్ హాదీ రుస్వా. 1857 తిరుగుబాటుకు ముందూ తర్వాతా లక్నో ఎలా ఉండేదో ఒక తవాయిఫ్ (ఆటపాటలు వృత్తిగా గల గణిక) తన నోట చెప్పుకుంటూ పోతుంది. చారిత్రక నవలలు సాధారణంగా రాజులనో సేనానులనో నడుమ నిలబెట్టి, పాటలు పాడేవాళ్లను దర్బారులో ఒక మూలకు నెడతాయి. రుస్వా ఆ మూలనే కథకు కేంద్రం చేశాడు.

ఫైజాబాద్ పిల్ల అమీరన్‌ను, ఆమె తండ్రి మీద పగబట్టిన దిలావర్ ఖాన్ ఎత్తుకుపోతాడు. లక్నోలో ఖానుం నడిపే కోఠాలో, అంటే తవాయిఫుల ఇంట్లో, ఆమె అమ్ముడుపోయి, ఉమ్రావ్ అవుతుంది. ‘అదా’ ఆమె కవితలకు పెట్టుకున్న కలంపేరు.

నవల బలమంతా చెప్పే తీరులో ఉంది. రుస్వా మిత్రుడి ఇంట కవుల గోష్ఠి జరుగుతుంటే పక్క వాటా నుంచి ఒక స్త్రీ గొంతు మెచ్చుకోలుగా వినిపిస్తుంది. ఆ గొంతు ఉమ్రావ్‌ది. నలుగురూ బతిమాలగా ఆమె జీవితం చెప్పడం మొదలుపెడుతుంది. రుస్వా తానే ఒక పాత్రగా ఎదుట కూర్చుని ప్రశ్నలు వేస్తాడు, ఎగతాళి చేస్తాడు, ఆమె దాటవేసిన చోట నిలదీస్తాడు. ఆమె మాటకు మాట అప్పజెబుతుంది. ప్రతి అధ్యాయానికీ తలమీద ఒక షేర్ (రెండు పాదాల కవిత) ఉంటుంది. రాతప్రతి చేతికొచ్చాక ఉమ్రావ్ చివర్లో దానిమీదా తన అభిప్రాయం చెబుతుంది. జరిగినది జరిగినట్టుగా కాక, ఒకరు గుర్తుచేసుకున్నట్టుగా చరిత్ర మన ముందుకు రావడం ఈ పద్ధతివల్లే. రుస్వా రూర్కీలో ఇంజనీరింగ్ చదివి రైల్వేలో పనిచేసినవాడు. కొలత తప్పని ఆ వాక్యాల్లో ఆ చదువు ఛాయ ఉందేమో అనిపిస్తుంది.

కోఠా పెంపకాన్ని రుస్వా చాలా శ్రద్ధగా చిత్రించాడు. మౌల్వీ ఫారసీ నేర్పుతాడు, ఉస్తాద్ సంగీతం నేర్పుతాడు. ఒకరోజు రామ్‌కలీ రాగం పాడుతూ ఉమ్రావ్ కోమల ధైవతానికి బదులు శుద్ధ ధైవతం పలుకుతుంది. ఉస్తాద్ దిద్దడు. వింటున్న ఖానుం మళ్లీ పాడించి, ఉస్తాద్‌ను అక్కడికక్కడే కడిగేస్తుంది. ఆడపిల్లలను కొనే ఖానుమే స్వరశుద్ధి విషయంలో రాజీ పడదు. తవాయిఫ్ సంప్రదాయంలోని ఘనత, దుర్మార్గం ఒకే మనిషిలో ఇమిడిపోయిన ఘట్టమిది.

ఉమ్రావ్ తనను తాను నిరపరాధిగా చూపుకోదు. ప్రేమ నటించడం తమ వృత్తిలో భాగమని దాపరికం లేకుండా ఒప్పుకుంటుంది. పనికిమాలిన ప్రియుడు గౌహర్ మీర్జాను వదల్లేకపోతుంది. చేతికి ఎముక లేని ఫైజ్ అలీని నమ్మి లక్నో దాటుతుంది. తీరా చూస్తే అతడు బందిపోటు. ఆమెతోపాటు అపహరణకు గురైన రామ్‌దేయీ మాత్రం మంచి ఇంటికి అమ్ముడై బేగం అవుతుంది. ఎవరికి గౌరవం దక్కాలో తేల్చేది గుణం కాదు, ఏ గుమ్మం ముందు బేరం కుదిరిందనేదే. ఈ సంగతిని రుస్వా ఎక్కడా ఉపన్యాసంగా చెప్పడు. అదే దశాబ్దంలో గురజాడ ‘కన్యాశుల్కం’లో వేశ్య మధురవాణి కనిపిస్తుంది; ఇద్దరూ పెద్దమనుషుల లోగుట్టు తెలిసినవాళ్లే.

1856లో ఆంగ్లేయులు లక్నో రాజధానిగా ఉన్న అవధ్‌ను కలుపుకుని నవాబు వాజిద్ అలీ షాను కలకత్తాకు పంపారు. మరుసటి ఏడు తిరుగుబాటులో బేగం హజ్రత్ మహల్ తన కొడుకు బిర్జీస్ ఖద్ర్‌ను గద్దెనెక్కించింది. నవలలో యుద్ధవర్ణన కొద్దిపాటిదే. లక్నో తిరుగుబాటుదారుల చేజారాక ఉమ్రావ్ చివరకు ఫైజాబాద్ చేరుతుంది. అక్కడ తన ఇంటి దగ్గరి చింతచెట్టు కింద ముజ్రా (ఆటపాటల ప్రదర్శన) చేయాల్సివస్తుంది. తల్లి గుర్తుపట్టి ఏడుస్తుంది; తమ్ముడు కత్తి పట్టుకొస్తాడు. రాజ్యం కూలడంకన్నా ఈ గుమ్మం మూసుకుపోవడమే నవలలో పెద్ద పతనం.

ఆ కాలపు దస్తరాలు ఈ కల్పనకు బలమిస్తాయి. 1858–77 నాటి లక్నో మునిసిపల్ పన్నుల లెక్కలు పరిశీలించిన చరిత్రకారిణి వీణా తల్వార్ ఓల్డెన్‌బర్గ్, తవాయిఫులు నగరంలో అత్యధిక ఆదాయమున్న శ్రేణిలో పన్ను కట్టారని చూపింది. తిరుగుబాటుకు తోడ్పడినందుకు జప్తయిన ఆస్తుల జాబితాల్లోనూ వాళ్లున్నారు.

ముజఫర్ అలీ 1981లో తీసిన సినిమా రేఖ నటనతో, ఖయ్యాం బాణీలతో, ఆశా భోస్లే గొంతుతో ఈ కథను దేశమంతటికీ చేర్చింది. కాకపోతే తెరమీది ఉమ్రావ్‌లో దుఃఖం ఎక్కువ, కొంటెతనం తక్కువ. పుస్తకంలోని ఉమ్రావ్ వయసు మళ్లాక కూడా లక్నోలో సొంత సంపాదనతో, పదునైన నాలుకతో బతుకుతుంది.

రుస్వా తర్వాతి కాలంలో హైదరాబాద్ వచ్చి, ఉస్మానియా విశ్వవిద్యాలయపు అనువాద విభాగం దారుల్ తర్జుమాలో పనిచేశాడు. 1931లో ఆ నగరంలోనే మరణించాడు. ‘జునూనే ఇంతెజార్’ అనే చిన్న పుస్తకం కూడా ఆయనదే. అందులో పాత్రలు తారుమారయ్యాయి: రుస్వా ప్రేమకథను ఉమ్రావ్ బయటపెడుతుంది.