ఇత్తడి నాలుకకు శ్రుతి

పద్యనాటకం ఆడే రాత్రి తెర లేవకముందే ఊరికి వినిపించేది హార్మోనియం. వాయించేవారి పేరు కరపత్రంలో ఉంటుంది. ఆ పెట్టెకు శ్రుతి చేసినవాడి పేరు ఎక్కడా ఉండదు. నా దృష్టిలో సగం నాటకం అతనిదే.

ప్రతి మెట్టుకూ ఓ సన్నటి ఇత్తడి రీడు. తిత్తి గాలికి అది ఊగితేనే స్వరం. స్వరం దిగిపోయిందా, రీడు కొసన రవ్వంత గీకుతాడు. కొస తేలికై స్వరం పైకి లేస్తుంది. మరీ లేస్తే రీడు మొదలు దగ్గర గీకి దించుతాడు. వీణ బిరడాలా వెనక్కి తిప్పుకునే వీలు ఇక్కడ లేదు. గీకిన ఇత్తడి మళ్లీ అతుక్కోదు. అందుకే రెండు గీతలు గీసి, రీడు బిగించి, తిత్తి ఆడించి వింటాడు. మళ్లీ విప్పుతాడు. మెట్టుకు రెండు రీడ్లుండే జంట రీడ్ల పెట్టెలో ఆ రెండింటికీ ఏమాత్రం తేడా ఉన్నా నాదం అలలు అలలుగా ఊగుతుంది. ఆ ఊగు నెమ్మదించి, ఆగి, రెండు గొంతులూ ఒకటయ్యేదాకా అతను లేవడు. ఎంత గొప్ప చెవి అది!

ఎంత శ్రుతి చేసినా గమకం పలకదని 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని వెలివేసింది. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. మన నాటక సమాజాలు మాత్రం దాన్ని ఏనాడూ వదల్లేదు.

మీ అటకమీద మూగబోయిన పెట్టె ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. చాలాసార్లు రీడులో ఇరుక్కున్న దుమ్మే కారణం. శ్రుతి చేసేవారికి ఒక్కసారి చూపించండి.