పిడి కుదిరితేనే గురి

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో గురి పలక మీద పది మార్కుల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. చొక్కా గుండీ అంత. రెండో చేతి ఆసరా లేకుండా, నిలబడి, 75 నిమిషాల్లో 60 గుళ్లు అక్కడికి పంపాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ కాంస్యం గెలిచింది ఈ విభాగంలోనే. అంతకు ముందు ఏడాది హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఇందులోనే రజతం తెచ్చింది. ఇప్పుడు ఏ షూటింగ్ రేంజి దగ్గర కాసేపు నిలబడ్డా తల్లిదండ్రుల నోట వినపడే ప్రశ్న ఒకటే: పిల్లలకు ఏ కంపెనీ పిస్టల్ కొనాలి? మొరీని, స్టెయర్, పార్దీని, వాల్తర్... కొత్తది ఏది ముట్టుకున్నా లక్ష పైమాటే.

నా జవాబు చాలామందికి రుచించదు. కంపెనీ పేరు తరవాత చూసుకోవచ్చు, ముందు పిడి సంగతి తేల్చండి. చేతికి కుదరని పిడితో ఉన్న కొత్త పిస్టల్ కన్నా, చేతికి తగ్గట్టు చెక్కించుకున్న పిడితో ఉన్న సెకండ్‌హ్యాండ్ పిస్టల్ మేలు. డబ్బు తక్కువ ఉన్నవాళ్లను ఓదార్చడానికి చెబుతున్న మాట కాదిది. లెక్క అలాగే ఉంది.

పిస్టల్ మీద ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం దాదాపు 33 సెంటీమీటర్లు ఉంటుంది. గురి పలక పది మీటర్ల దూరంలో ఉంది, అంటే దానికి ముప్ఫై రెట్లు. చేయి మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే, సైట్లు సరిగ్గా ఉన్నంతవరకు, గుండు కూడా ఒక మిల్లీమీటరే పక్కకు పోతుంది. పది పదిగానే ఉంటుంది. అదే మణికట్టు దగ్గర పిస్టల్ మెలిపడి, వెనక సైటు గాడిలో ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు వాలితే, గురి పలక మీద తేడా మూడు సెంటీమీటర్లు. పది కాస్తా ఏడవుతుంది. కొత్తవాళ్లు చేయి వణుకుతోందని బాధపడతారు గానీ, వణుకు చేసే నష్టం కొంచెమే. అసలు నష్టం మెలికది. పిస్టల్‌ను ప్రతిసారీ ఒకే తీరులో చేతిలో కూర్చోబెట్టి ఆ మెలికను ఆపేది పిడి.

ఐరోపా షూటర్లు ఈ సంగతిని ఏనాడో గ్రహించారు. 50 మీటర్ల ఫ్రీ పిస్టల్ పోటీ ఒలింపిక్స్‌లో ఉన్న రోజుల్లో (2016 రియోతో దాన్ని ఆపేశారు) అక్రోటు చెక్కతో చేసిన పిడులు చేతి తొడుగుల్లా అరచేతిని చుట్టేసేవి. సోవియట్ నగరం తూలాలో తయారైన టోజ్-35 పిస్టల్ ఆ పోటీలో దశాబ్దాల పాటు రాజ్యమేలింది. దాన్ని కొన్న చాలామంది మొదట చేసిన పని, పిడి విప్పి ఆకురాయి పట్టుకోవడం. చెజారె మొరీని పేరు ముందు పిడులతోనే వినిపించింది, పిస్టళ్లు ఆ తరవాత వచ్చాయి. జర్మనీలో రింక్ సంస్థ ఇప్పటికీ చేతి కొలతలను బట్టి పిడులు చేసి అమ్ముతుంది. అవి బాగుంటాయి. కాని దిగుమతి సుంకం, కొరియర్ ఖర్చు కలిపితే మన జేబుకు ఆనవు. అదే పని ఇక్కడ ఓపిక ఉన్న వడ్రంగి సాయంతో, లేదా ఇంట్లో బల్ల మీద, చాలా తక్కువలో అవుతుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష. పిస్టల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, గాలి సిలిండరు విప్పేసి, గోడకేసి నిలబడండి. కళ్లు మూసుకుని చేయి ఎత్తి, చేయి ఎక్కడ హాయిగా ఆగితే అక్కడ ఆపి, అప్పుడు కళ్లు తెరవండి. వెనక సైటు గాడిలో ముందు సైటు ఎక్కడుంది? మళ్లీ మళ్లీ ఎత్తి చూడండి. ఒక్కోసారి ఒక్కో చోట కనిపిస్తే ఇంకా పట్టు అలవాటు కాలేదని అర్థం, అప్పుడే చెక్క జోలికి పోవద్దు. ప్రతిసారీ ఒకే వైపు, అంతే మేర వాలుతుంటే తప్పు పిడిదే. ఇప్పటి పిస్టళ్లలో పిడి వాలునూ తిరుగుడునూ మార్చే స్క్రూలు ఉంటాయి. ముందు వాటితో ప్రయత్నించండి. వాటితో కుదరనిదే ఆకురాయికి వదలాలి.

తరవాత, చేతికి టాల్కమ్ పౌడరు పల్చగా రాసుకుని, గురి పెట్టేటప్పుడు ఎంత బిగువుతో పట్టుకుంటారో అంతే బిగువుతో పట్టుకుని వదలండి. ముదురు రంగు చెక్క మీద చెయ్యి ఆనిన చోట తెల్లగా, ఆనని చోట నల్లగా కనిపిస్తుంది. నొప్పి పుట్టించే తెల్ల మచ్చ ఉంటే అక్కడ రెండు మూడు సార్లు ఆకురాయి ఆడించి ఆగండి. మళ్లీ పౌడరు, మళ్లీ చూడడం. చెక్క తీయడం క్షణంలో పని, తిరిగి పెట్టడం తలనొప్పి. అరచేతి మధ్య గుంట దగ్గర సాధారణంగా ఖాళీ ఉంటుంది. అక్కడ వడ్రంగులు వాడే చెక్క లప్పం గానీ, రెండు ముద్దలు కలిపే ఎం-సీల్ లాంటిది గానీ అద్ది, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం వేసి, పోటీలో పట్టుకున్నట్టే పట్టుకుని కాసేపు ఉంచండి. అచ్చు పడుతుంది. రాత్రంతా ఎండనిచ్చి పొద్దున అంచులు రుద్దుకోవచ్చు. ముక్కుకు మాస్కు తప్పనిసరి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

చూపుడువేలి దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. ఆ వేలు చెక్కను ఎక్కడా తాకకూడదు. వేలి పక్కన ఒక కాగితం దూరేంత సందైనా ఉండాలి. తాకిందంటే, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ పిడిని కూడా కాస్త నెడుతున్నట్టే. పిస్టల్ బరువు మోయాల్సింది మధ్యవేలు. ఆ వేలి రెండో కణుపు ట్రిగ్గర్ గార్డు కింద గట్టిగా, సూటిగా వెనక్కి లాగుతూ ఉండాలి. బొటనవేలు ఊరికే పడుకుని ఉంటే చాలు, నొక్కకూడదు. అరచేతి కింద ఆనే పలకను చేతికి తగిలీ తగలనట్టు బిగించాలి. చెయ్యి ఇరుక్కుపోయేలా బిగిస్తే పావుగంటకే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఇంకో సంగతి, మన ఎండలకు చెయ్యి ఉబ్బుతుంది. ఏసీ గదిలో పొద్దున్నే కొలత తీసుకుని చెక్కిన పిడి మధ్యాహ్నం రేంజిలో బిగుసుకుంటుంది. కాసేపు సాధన చేశాకే కొలత తీసుకోండి.

చెమటకు జారకుండా చెక్క మీద చిన్న మొనతో దగ్గర దగ్గరగా చుక్కలు పొడవాలి. వార్నిష్ వద్దు, అవిసె నూనె పల్చగా పట్టిస్తే సరిపోతుంది. ఎదిగే పిల్లల విషయంలో మాత్రం లోతుగా చెక్కకండి. చిన్న సైజు పిడి తీసుకుని లప్పంతో నింపుకుంటూ పోతే, చెయ్యి పెరిగినప్పుడు ఆ లప్పాన్నే గీకేయొచ్చు. ఎడమచేతి వాటం పిల్లలు ఉన్న క్లబ్బుల్లో ఒక్క ఎడమచేతి పిడైనా ఉండాలి. హంగరీ షూటర్ కరోయ్ తకాచ్ కుడి చెయ్యి 1938లో గ్రెనేడు పేలి నుజ్జయింది. ఎడమ చేత్తో మళ్లీ నేర్చుకుని 1948లో, 1952లో ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. మన దగ్గర మాత్రం ఎడమచేతి పిల్లలకు కుడిచేతి పిడి ఇచ్చి సర్దుకోమంటాం.

నిబంధనలు మరిచిపోతే ఈ శ్రమంతా వృథా. పిడిలో ఏ భాగమూ మణికట్టును తాకకూడదు. అరచేతి పలక పైకి వంపు తిరగకూడదు. పిస్టల్ మొత్తం 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి, బరువు 1500 గ్రాములు దాటకూడదు. ఆ 50 మిల్లీమీటర్ల మందమే లప్పం వేసేవాళ్లను పట్టిస్తుంది. అట్టతో అదే కొలతకు పెట్టె చేసుకుని ఇంట్లోనే సరిచూసుకోండి.

ట్రిగ్గర్ సంగతి చిన్నదే కానీ తగాదాలు పెట్టేది. కనీస బరువు 500 గ్రాములు. పిస్టల్‌ను నిలువుగా పట్టుకుని, ట్రిగ్గర్‌కు ఆ బరువు తగిలించి ఎత్తితే అది పేలకూడదు. ఖరీదైన పరికరం అక్కర్లేదు. కిరాణా కొట్టు అరకిలో తూకం రాయి, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నది, దానికో కొక్కెం చాలు. కొక్కెం బరువు కూడా కలుస్తుంది కాబట్టి కాస్త ఎక్కువకే పరీక్షించినట్టవుతుంది, మంచిదే. సర్దుబాటు స్క్రూలు దాటి లోపలి ఉక్కు భాగాలకు ఆకురాయి పెట్టేవాళ్లున్నారు, ఆ పని ఎవరు చెప్పినా చేయకండి. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ హాయిగా ఉంటుంది గానీ, తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాళ్లకు మెకానికల్‌దే నయం. టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలో మను భాకర్ పిస్టల్ మధ్యలో మొరాయించి ఎన్ని నిమిషాలు మింగిందో, ఫైనల్ ఎలా చేజారిందో అందరం చూశాం.

సెకండ్‌హ్యాండ్ పిస్టల్ కొనేటప్పుడు గొట్టం గురించి బెంగ అక్కర్లేదు. మెత్తటి సీసపు పెల్లెట్లు, తక్కువ వేగం, కాబట్టి అరుగుదల నామమాత్రం. చూడాల్సింది గాలి సిలిండరు. 200 బార్ల ఒత్తిడి మోసే వస్తువది. దాని మీద తేదీ చెక్కి ఉంటుంది, సాధారణంగా పదేళ్ల గడువు. గడువు తీరిన సిలిండరుతో పోటీకి రానివ్వరు, ఒకవేళ రానిచ్చినా వాడకూడదు. కొత్త సిలిండరు ధర తీసేసి బేరమాడండి. కాగితాలు సరిగ్గా లేని పిస్టల్ ఉచితంగా ఇచ్చినా వద్దనండి.

మిగిలిన డబ్బు పెల్లెట్లకు. రెండు మూడు రకాల డబ్బాలు తెచ్చి, పిస్టల్‌ను బిగించి కాల్చి, ఏది ఒకే చోట పడుతుందో చూసుకుని దాన్నే వాడండి.

క్లబ్బుల నిర్వాహకులకు ఒక మాట. కొత్త ఎలక్ట్రానిక్ టార్గెట్లకు లక్షలు పోస్తున్నారు, సంతోషం. రేంజి మూలన ఒక చెక్క బల్ల, ఒక బిగింపు, నాలుగు రకాల ఆకురాళ్లు, కాస్త లప్పం, 500 గ్రాముల తూకం, ఒక కొలత పెట్టె కూడా పెట్టండి. నెలకో ఆదివారం అనుభవమున్న షూటర్‌నో, చెయ్యి తిరిగిన వడ్రంగినో పిలిచి పిల్లల పిడులు సరిచేయించండి. దానికయ్యే ఖర్చు ఒక టార్గెట్ మరమ్మతు ఖర్చు కూడా దాటదు.