ఇసుకనేల మీది ఆట

గోల్ఫు అనఁగానే మనకు స్ఫురించునది నిరంతర జలసేకముచే నిగనిగలాడు పచ్చిక. కాని ఆ క్రీడ పెరిగిన స్కాట్లండు సముద్రతీరమున ఆటగాండ్రకు కావలసినది గట్టినేల, పచ్చదనమును గూర్చి వారికి చింత లేదు. అచటి ఇసుకలో వాననీరు త్వరగా నింకిపోవును. గాలికారిన కుఱుచ గడ్డిపై బంతి పడి, యెగిరి, దొర్లి, మిట్టపల్లముల ననుసరించి తన దారి తాను వెదకికొనును. బార్డోలీ ప్రాంతపు నల్లరేగడి నెఱిగినవారికి భేదము చెప్పనక్కఱలేదు: వానకు ఉబ్బి కాలికంటుకొని, వేసవిలో నెఱ్ఱెలు విచ్చు ఆ భూమి ప్రత్తికిని చెఱకునకును తల్లియే గాని ఈ యాటకు సవతితల్లి.

అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రమందలి పైన్‌హర్స్ట్ ఇట్టి ఇసుకనేలపై వెలసినది. స్కాట్లండులోని డోర్నోక్‌లో పుట్టిన డోనల్డ్ రాస్ 1900లో అచటికి వచ్చి, 1907లో రెండవ నెంబరు కోర్సును సిద్ధపఱచి, 1948లో గతించువఱకు దానిని దిద్దుచునే యుండెను. 1930ల నడిమి దనుక అచటి గ్రీనులు పేరునకే గ్రీనులు. గడ్డికి మాఱుగ నుండినది చదునుచేసిన ఇసుక. నూనె కలిపిన ఇసుకతో చేసిన ఇట్టి ‘బ్రౌనులు’ మన దేశమునను నీటి యెద్దడి గల చోట్ల పరిచితములే.

రాస్ అనంతరము నీరును ధనమును సమృద్ధిగా నుండుటచే, ఇసుక కనఁబడినచోటనెల్ల బెర్ముడాగడ్డిని పెంచి, ఫెయిర్‌వేలను ఇఱుకుచేసిరి. 2010లో పూర్వరూపోద్ధరణకు పూనుకొనిన బిల్ కూర్, బెన్ క్రెన్‌షా అను నిపుణులకు 1943 నాటి విమాన ఛాయాచిత్రములు ఆధారములైనవి. వానికి తోడు భూమిలోని పాత నీటిగొట్టము గొప్ప సాక్షి యయ్యెను. ఫెయిర్‌వే నడుమ ఒకే వరుసగా సాగిన ఆ గొట్టము ఇరుగడల ఎంతదూరము నీరు చిమ్మెడిదో అంతమేరకే నాడు పచ్చిక. అంచులకుఁ బోవుకొలఁది అది వెలవెలఁబోయి, ఆపైన ఇసుకయు, రాలిన పైన్ ఆకులును, వైర్‌గ్రాసు దుబ్బులునై, ఎల్ల యెచటనో తెలియకుండ నేల మాఱెడిది. ఆ గొట్టమునే కొలఁబద్దగాఁ గొని సుమారు 35 ఎకరముల గడ్డిని పెఱికివేసిరి. పదునొకండు వందలకు పైఁబడిన స్ప్రింక్లర్లలో దాదాపు 450 మాత్రమే మిగిల్చిరి. వైర్‌గ్రాసు మొక్కలను మాత్రము లక్షకు పైగా నాటించిరి. సహజత్వమునకును ఇంత నాట్లకూలి!

ఒక సందేహము నాకు తీఱదు. నలువది యేండ్లు మార్చుచునే యుండిన వాని కృతిలో ఏ సంవత్సరపు రూపము మూలము? తాఁబేటివీఁపువలె నుబ్బిన ఆ గ్రీనుల రూపము సైతము కొంత దశాబ్దములుగా పైనఁ జల్లిన ఇసుక పేరుకొనుటచే నేర్పడినదందురు. కూర్, క్రెన్‌షాలు వానిని చాలవఱకు ముట్టలేదు. ఆ సంయమము వివేకమే యని నా తలంపు.

అచట జరిగిన 2014 యూ.ఎస్. ఓపెన్‌లో గోధుమవన్నె నేలను టెలివిజనులో చూచి కొందఱు ఆక్షేపించిరి. మార్టిన్ కైమర్ మాత్రము గ్రీను వెలుపలినుండియు పట్టరుతోనే బంతిని నేలవెంట దొర్లించి, 8 స్ట్రోకుల ఆధిక్యముతో గెలిచెను; మఱుసటి వారమే అచటనే జరిగిన స్త్రీల పోటీలో మిషెల్ వీ విజేత్రి యయ్యెను.