లాల పోసే చేతులు

మా అమ్మాయి పుట్టినప్పుడు నీళ్లు పోయడానికి వచ్చిన పెద్దమ్మ ముందుగా తన చేతులు చూసుకుంది. గాజులు పైకి లాక్కుని, గోళ్లు పెరిగాయేమోనని బొటనవేలితో తడుముకుంది. పెరట్లో పీట వాల్చుకుని కాళ్లు బారజాపి, రెండు కాళ్ల నడుమ పల్లంలో బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టుకుంది. నువ్వులనూనె అరచేతిలో పోసుకుని, చేతులు రెండూ రుద్ది వెచ్చచేసుకున్నాకే బిడ్డను తాకింది. "చల్లటి చెయ్యి తగిలితే పిల్ల జడుసుకుంటుందమ్మా" అంది. మర్దన నేర్పే బడుల్లోనూ ఈ పాఠం చెబుతారు.

ఆ చేతుల పని చూసి తీరాలి. ఛాతీ మధ్యలో మొదలై రెండు భుజాల వైపు విచ్చుకునేవి. చేతులకూ కాళ్లకూ వచ్చేసరికి పాలు పితికినట్టు, ఒక చెయ్యి జారేలోగా రెండోది అందుకుంటూ పైనుంచి కిందికి సాగేవి. పొట్ట మీద మాత్రం ఎప్పుడూ గడియారం ముల్లు తిరిగే వైపే. పెద్దపేగు మలుపు తిరిగేది ఆ దారినే కనుక, పట్టేసిన గాలి కిందికి జరుగుతుంది. పేగు పేరు ఆమెకు తెలియదు, దారి తెలుసు. కుడి చేతిని ఎడమ కాలికి, ఎడమ చేతిని కుడి కాలికి మెల్లగా తాకించి వదిలేది. చివర బోర్లా తిప్పి, వెన్నెముకను వదిలేసి దానికి ఇరుపక్కలా రాసేది. పాలు తాగిన వెంటనే బిడ్డను ముట్టుకునేది కాదు. మధ్యలో బిడ్డ ముఖం తిప్పుకున్నా, పిడికిళ్లు బిగించినా చెయ్యి ఆపేసేది. నోరులేని బిడ్డ వద్దంటే తెలుసుకోవడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టం. ఎన్ని సర్టిఫికెట్లున్నా అది చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది.

ఈ విద్యను పరాయివాళ్లు మనకంటే ముందే గుర్తించారు. ఫ్రెంచి ప్రసూతి వైద్యుడు ఫ్రెడెరిక్ లెబోయర్, కలకత్తాలో బిడ్డకు నూనె రాస్తున్న శాంతల అనే తల్లిని చూసి, ఆమె పేరుతోనే 1976లో పుస్తకం తెచ్చాడు. అమెరికా నుంచి 1973లో మన దేశానికొచ్చి అనాథాశ్రమంలో పనిచేసిన విమలా మెక్‌క్లూర్, ఇక్కడ చూసిన మర్దనకు స్వీడిష్ పద్ధతి జోడించి పాఠంగా కూర్చింది. ఆ పాఠాన్నే ఇంటర్నేషనల్ అసోసియేషన్ ఆఫ్ ఇన్‌ఫాంట్ మసాజ్ దేశదేశాల్లో నేర్పుతోంది. అందులో పైనుంచి కిందికి పితికే పట్టు పేరు 'ఇండియన్ మిల్కింగ్'. పరీక్ష రాసి, సర్టిఫికెట్ తీసుకుని, కొత్త తల్లిదండ్రులకు నేర్పుతూ అక్కడ ఎందరో బతుకుతున్నారు. ఇక్కడ మన పెద్దమ్మకు దక్కేది ఒక చీర, కొంత డబ్బు.

పరిశోధకులూ మర్దనను పరీక్షించారు. మయామీలో టిఫనీ ఫీల్డ్ బృందం 1986లో ప్రచురించిన అధ్యయనంలో, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు రోజుకు మూడుసార్లు, పదిహేనేసి నిమిషాల చొప్పున పది రోజులు మర్దన చేస్తే, చేయనివారికంటే బరువు పెరగడం 47 శాతం ఎక్కువగా కనిపించింది. ఢాకా ఆస్పత్రిలో నెలలు నిండని బిడ్డలకు పొద్దుతిరుగుడు నూనె రాస్తే ఇన్‌ఫెక్షన్లు 41 శాతం తగ్గాయని 2005లో తేలింది.

అయితే పెద్దమ్మ చేసేవన్నీ మంచివి కావు. చెవుల్లో, ముక్కులో నూనె చుక్కలు వేయడం, ముక్కులోకి ఊదడం, పసిబిడ్డ రొమ్ములు పిండడం, మాడు మీద ఒత్తడం, గది నిండా సాంబ్రాణి పొగ పెట్టడం మానాలి. రొమ్ములు పిండితే చీము పట్టే ప్రమాదముంది, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. పుట్టాక 24 గంటల దాకా స్నానమే వద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఏది వదలాలో తెలియకపోతే ఈ విద్య పూర్తిగా వచ్చినట్టు కాదు.

మర్దననే బతుకుతెరువు చేసుకుందామని వచ్చే పిల్లలు 'ఏ స్పా కోర్సు మంచిది?' అని నన్ను అడుగుతుంటారు. కోర్సు తప్పకుండా చేయండి. కండరం, ఎముక, నరం తెలియకుండా ఒంటి మీద చెయ్యి వేయకూడదు. పట్టు మాత్రం పుస్తకంతో రాదు. బలమంతా బొటనవేళ్లలో పెడితే కీళ్లు దెబ్బతింటాయి. పెద్దమ్మ నడుము నుంచి ముందుకు ఒరిగి తన బరువును అరచేతిలోకి తెచ్చేది. నీళ్ల వేడిని మోచెయ్యి ముంచి చూసేది. ఇవన్నీ పక్కన కూర్చుంటేనే పట్టుబడతాయి.

కూతురి పురుడికని అమెరికా వెళ్లే మన అమ్మలు సూట్‌కేసులో సున్నిపిండి పొట్లం సర్దుకుంటారు. అక్కడ పీట ఉండదు, పెరడు ఉండదు. స్నానాల గదిలో తువ్వాలు పరచుకుని, కాళ్లు బారజాపి మనవణ్ని పడుకోబెట్టుకుంటారు. ఆర్నెల్లు గడిచి వాళ్లు తిరుగు విమానం ఎక్కేసరికి కూతురికి ఆ పట్టు రాకపోతే, ఆ ఇంట్లో ఈ విద్య అంతటితో ఆగిపోతుంది.

మీ వీధిలో నీళ్లు పోసే పెద్దావిడ ఇంకా ఉంటే ఈ నెలలోనే వెళ్లి కలవండి. పక్కన కూర్చుని చూడండి, అడగండి, చేసి చూపించి దిద్దించుకోండి. కోర్సుకు కట్టే ఫీజులో కొంతైనా ఆమె చేతిలో పెట్టండి.