సెఫ్ నిల్వలో అరువు వేగం

సమాచారాన్ని ఒక్క డిస్కులో గాక, నెట్‌వర్కులోని పెక్కు యంత్రాలపై పంచి దాచే ఏర్పాట్లలో సెఫ్ ప్రసిద్ధమైనది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటాక్రూజ్ శాఖకు చెందిన సేజ్ వైల్, ఆయన సహచరులు 2006లో దీనిని ఒక పరిశోధన పత్రంలో వివరించారు. వాడేవారికి ఒకే డిస్కుగా తోచేది నిజానికి సాధారణంగా 4 మెగాబైట్ల తునకలుగా చెదిరి ఉంటుంది. ఏ తునక ఎక్కడున్నదో క్లయింటు యంత్రమే లెక్కగట్టుకొంటుంది; మధ్యవర్తిని అడుగనక్కరలేదు. ఇది మెచ్చదగిన ఏర్పాటు.

చిక్కంతా వ్రాతలో ఉన్నది. మూడు ప్రతులుంచే చోట, మొదటి యంత్రం తక్కిన రెండింటికీ ప్రతులు పంపి, అన్నీ భద్రమైన పిమ్మటనే జవాబిస్తుంది. అందాకా క్లయింటు కాచుకొని ఉండవలసినదే. ఈ జాప్యాన్ని తగ్గించడానికి క్లయింటు మెమరీలోనే తాత్కాలిక నిల్వ ఒకటి పెట్టారు. వ్రాత అందులో పడగానే పని అయినట్లు జవాబు వస్తుంది. సరుకు గోదాము చేరకమునుపే రసీదు చేతికిచ్చినట్లన్నమాట! ఆ క్షణాన కరెంటు పోతే, డిస్కులకు చేరని వ్రాత పోయినట్లే.

నిర్మాతలు ఈ అపాయాన్ని ఎరుగకపోలేదు. నిల్వలో ఉన్నదంతా డిస్కులకు చేర్చుమనే ఆజ్ఞను ఫ్లష్ అంటారు. మొదటి ఫ్లష్ వచ్చేవరకు ప్రతి వ్రాతనూ నేరుగా డిస్కులకే పంపే జాగ్రత్త ఇందులో కలదు. ఫ్లష్ ఎరుగని పాత డ్రైవర్లకు ఇది మంచి రక్ష. అయితే ఒక్క ఫ్లష్ వచ్చినంత మాత్రాన, పైన నడిచే ప్రోగ్రాము అవసరమైన ప్రతిసారీ ఫ్లష్ కోరుతుందని నమ్మకమేమిటి? ఈ లోటు అలాగే ఉన్నది.

వేగపు అంకెల విషయంలో మరింత మెలకువ అవసరం. ఫ్లష్ లేకుండా కొద్ది సెకండ్లు కొలిచిన అంకె క్లయింటు మెమరీ వేగమే గాని సెఫ్ వేగం కాదు. తాత్కాలిక నిల్వ నిండగానే మళ్ళీ పాత నడకే.