బోగీలోని హత్య, లోయలోని శవాలు: ‘బ్రేక్‌హార్ట్ పాస్’ చిత్రంలో అపరాధ పరిశోధన

తెలుగులో ‘కౌబాయ్ సినిమా’ అనే పేరు స్థిరపడిపోయింది. టోపీ, తుపాకి, గుర్రం కనిపిస్తే ఆ పేరు పెట్టేస్తాం. వేషాన్ని బట్టి పెట్టిన పేరు కాబట్టి ఆ ప్రక్రియ వేసే అసలు ప్రశ్న మన విమర్శలో మరుగున పడింది. చట్టం ఇంకా చేరని నేలమీద న్యాయం ఎవరి చేతిలో ఉండాలన్నది వెస్టర్న్ కథ వేసే ప్రశ్న. అపరాధ పరిశోధన కథకు ఈ చిక్కు లేదు. అక్కడ చట్టం ఉన్నది. దాని కన్ను కప్పినవాడు నలుగురిలో కలిసి తిరుగుతున్నాడు. అతన్ని పట్టుకోవడమే మిగిలిన పని. ఈ రెండింటినీ ఒకే రైలెక్కించిన చిత్రం 1975 నాటి ‘బ్రేక్‌హార్ట్ పాస్’. ఆలిస్టర్ మెక్లీన్ 1974లో వెలువడిన తన నవలకు తానే స్క్రీన్‌ప్లే రాయగా టామ్ గ్రైస్ దర్శకత్వం వహించాడు. ఈ కలయిక ఎక్కడ పొసగింది, ఎక్కడ బెడిసింది అన్నది ఇక్కడ పరిశీలనాంశం.

కథ క్లుప్తంగా ఇది. హంబోల్ట్ కోటలో కంఠసర్పి వ్యాధి ప్రబలిందని సైనికులతో, మందుల పెట్టెలతో ఒక ప్రత్యేక రైలు మంచుకొండల్లోకి బయలుదేరుతుంది. అందులో గవర్నరు, సైన్యాధికారి, వైద్యుడు, మతబోధకుడు, మార్షల్ ఉన్నారు. మార్షల్ అదుపులో జాన్ డీకిన్ (చార్లెస్ బ్రాన్సన్) అనే నేరస్థుడున్నాడు. దారిలో వైద్యుడు చనిపోతాడు. ఆ తర్వాత చావులు ఆగవు. సైనికులున్న బోగీలు విడిపోయి, వాలులో వెనక్కి జారి లోయలో పడతాయి. మందుల పెట్టెల్లో ఉన్నవి ఆయుధాలనీ, కోటలో రోగమే లేదనీ, డీకిన్ ప్రభుత్వం పంపిన రహస్య పరిశోధకుడనీ క్రమంగా తెలుస్తుంది.

రైలు, మంచు, హత్య అనగానే అగాథా క్రిస్టీ 1934 నాటి నవల ‘మర్డర్ ఆన్ ది ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్’ గుర్తుకు రావడం సహజం. సిడ్నీ లూమెట్ దాన్ని చిత్రంగా తీసింది 1974లోనే. అయితే క్రిస్టీ కథలో మంచు రైలును ఆపుతుంది. రైలు ఆగడం వల్ల గదికి గడియ పడి, పరిశోధకుడికి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ప్రశ్నించే తీరిక చిక్కుతుంది. మెక్లీన్ రైలు ఆగదు. డీకిన్ ఎవరినీ ప్రశ్నించలేడు, అతడే నిందితుడు. పెట్టెలు తెరిచి, బోగీల కప్పుల మీద పాకి నిజాన్ని వెతుక్కోవాలి. పరిశోధన ఇక్కడ మాటల్లో జరగదు, దేహంతో జరుగుతుంది. మంచు పట్టిన బోగీ కప్పు మీద వంటవాడు కార్లోస్‌తో జరిగే పోరాటం ఇందుకు మంచి ఉదాహరణ. ఆ పాత్రధారి ఆర్చీ మూర్ లైట్ హెవీవెయిట్ బాక్సింగులో ఒకప్పటి ప్రపంచ విజేత. రెండు ప్రక్రియలూ నిజంగా ఒకటైన ఘట్టం ఇదేనని నా అభిప్రాయం.

సంకెల వేసుకున్నవాడు చట్టం, బిళ్ల పెట్టుకున్నవాడు నేరస్థుడు. చిత్రానికి మూలబలం ఈ తారుమారే. గవర్నరూ మార్షలూ దోషులుగా తేలడాన్ని 1974లో నిక్సన్ రాజీనామాతో ముడిపెట్టి చదవవచ్చు. ఆ పఠనం సులువే కాని, అంతటితో సరిపెట్టుకోలేం. ‘గన్స్ ఆఫ్ నవరోన్’ (1957) నాటి నుంచీ మెక్లీన్ కథల్లో ద్రోహి మన జట్టులోనే ఉంటాడు. యుద్ధకథలో అలవాటైన ఆ ఎత్తును ఆయన వెస్టర్న్‌లోకి తెచ్చాడు.

చిత్రంలోని లోపం నాకు తరగతి గదిలో తెలిసింది. హాలియాకు రైలుమార్గం లేదు. రైలెక్కాలంటే మిర్యాలగూడకో నల్లగొండకో పోవాలి. అక్కడి డిగ్రీ విద్యార్థులకు ఈ చిత్రం చూపించి, హంతకుడెవరో ఎప్పుడు పసిగట్టారని అడిగాను. వెనుక బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి ఎదురు ప్రశ్న వేసింది: “సార్, డాక్టరును ఎవరు సంపిండ్రో అందరు అడుగుతున్నరు. బోగీలల్ల పోయిన సిపాయిల సంగతి ఎవరు అడుగరేంది?”

జవాబు చెప్పలేకపోయాను. వైద్యుడి మరణం చిత్రానికి ఒక సమస్య. దానికి కారణం, కర్త, సమయం అన్నీ వెతుకుతారు. సైనికుల మరణం ఒక దృశ్యం. బోగీలు దొర్లే తీరును కెమెరా శ్రద్ధగా చూపుతుంది, శవాలను లెక్కపెట్టదు. ఒక్క శవం దగ్గర ఆగి ఆలోచించడం అపరాధ పరిశోధన నియమం. శవాల మీదుగా ముందుకు దూకడం వెస్టర్న్ అలవాటు. రెండూ కలిసినప్పుడు, పేరున్నవాడి చావుకు విచారణ దక్కింది, పేరులేనివాళ్ల చావుకు దుమ్ము దక్కింది. కుట్రదారులతో చేతులు కలిపిన పయూట్ తెగవారి విషయంలో ఇది మరింత స్పష్టం. ఇటువంటి కథలో అనుమానం కూడా ఒక మర్యాదే. మనసులో ఏదో దాచుకోగల మనిషినే మనం అనుమానిస్తాం. కార్లోస్‌కు ఆ మర్యాద దక్కింది. పయూట్‌లకు అదీ దక్కలేదు. వారు రైలు బయట, గుర్రాల మీద, తుపాకుల కోసం ఎదురుచూసే గుంపుగానే మిగిలారు. ఎవరి నేల మీద ఆ పట్టాలు పరిచారన్న ప్రశ్న బోగీలోని ఏ పరిశోధకుడికీ తట్టదు.

ఇక మన వైపు. రైలును ఆశ్రయించిన అపరాధ పరిశోధన చిత్రం ‘సర్కార్ ఎక్స్‌ప్రెస్’ 1968లో, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో ‘మోసగాళ్ళకు మోసగాడు’ 1971లో వచ్చాయి. రెండింటిలోనూ కృష్ణ, విజయనిర్మల నటించారు. రెండో చిత్రానికి రచన ఆరుద్ర. ఆయన స్వయంగా ‘పలకల వెండి గ్లాసు’ వంటి అపరాధ పరిశోధక నవలలు రాసినవాడు. రెండు విద్యలూ తెలిసిన రచయిత తొలి తెలుగు వెస్టర్న్‌లో ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్నను కథకు ఇరుసుగా చేయక, నిధి వేటను ఎందుకు ఎంచుకున్నాడు? సెర్జియో లియోన్ చిత్రాల అనుకరణ అని మన విమర్శ తేల్చేస్తుంది. ఉరితాడును తుపాకితో తెంచే సన్నివేశం అక్కడిదే, సందేహం లేదు. కాని ఆరుద్ర కథను ఆంగ్లేయుల కాలంలో, ఒక సంస్థానపు సంపద చుట్టూ నిలిపాడు. దోచేవాడెవడో ప్రేక్షకుడికి ముందే తెలిసిన కాలమది. పాలించే చట్టమే పరాయిదైనప్పుడు దోషి దాగవలసిన పని లేదు, పరిశోధకుడి అవసరమూ లేదు. మోసగాడిని మించిన మోసగాడు కావాలి. శీర్షికలోనే ఆ మాట ఉంది. మెక్లీన్ కథలో మోసం ప్రేక్షకుడి మీద జరుగుతుంది. ఆరుద్ర కథలో ప్రేక్షకుడు నాయకుడి పక్షాన మోసంలో భాగస్వామి. నాగభూషణం వేసిన నక్కజిత్తుల నాగన్న పాత్ర మీద మనకు కోపం రాకపోవడానికి కారణం కూడా ఇదే కావచ్చు.

హాలియా అమ్మాయి ప్రశ్న ఆరుద్ర చిత్రాన్నీ వదలదు. నిధి దొరికేలోగా రాలిపోయిన అనుచరులను నేనూ ఏనాడూ లెక్కపెట్టలేదు. మరుసటి వారం ఆ తరగతికి ‘మోసగాళ్ళకు మోసగాడు’ చూపించాను. ఆ అమ్మాయి నోట్‌బుక్కులో గీతలు గీస్తూ కూర్చున్నది, చావుకొక గీత చొప్పున.